వందలో ఎనిమిది ఇంజన్లు, ఒక్క ఇంటి సొమ్ము

అమెరికాలో ఇరవై ఏళ్ళు దాటిన పోర్షే బాక్‌స్టర్ కారు నేడు ఒక కొత్త టొయోటా క్యామ్రీ ధరలో ఇంచుమించు సగానికే లభిస్తోంది. ఒకప్పుడు సంపన్నుల వాకిళ్ళలో మాత్రమే కనిపించిన ఈ వాహనం, ఉద్యోగంలో చేరి నాలుగైదేళ్ళయిన యువకుని చేతికి అందే స్థితికి వచ్చింది. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో, దుబాయిలోనో ఉంటున్న మన పిల్లలు ఇటువంటి కారు ఫొటో ఒకటి ఇంటికి పంపి అభిప్రాయం అడిగితే, పెద్దలు సాధారణంగా రంగును గురించో, వేగాన్ని గురించో, రెండే సీట్లున్నాయేమని మాత్రమో మాట్లాడి ఊరుకుంటారు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఇంత గొప్ప కారు ఇంత చౌకగా ఎందుకు వస్తోంది?

దానికి జవాబు చాలావరకు ఇంజను లోపల, అరచేతిలో ఇమిడిపోయే ఒక ఉక్కు వలయంలో ఉంది. దాని పేరు ఇంటర్మీడియట్ షాఫ్టు బేరింగు. వాడుకలో ఐ.ఎం.ఎస్. బేరింగు అంటారు. స్వదేశంలో ఉన్న పాఠకులకు ఈ కార్లు ఎదురుపడటం తక్కువే. మూడేళ్ళు దాటిన పాత కార్లను విదేశాల నుంచి తెచ్చుకోవడానికి మన దిగుమతి నియమాలు సాధారణంగా అనుమతించవు. కానీ విదేశాల్లో సంపాదించే పిల్లల పొదుపు ఎక్కడ ఖర్చయినా అది ఇంటి సొమ్మే కనుక, ఈ చిన్న వలయం సంగతి ఇక్కడివారికీ తెలిసి ఉండటం మంచిది.

సైకిల్ షాపులో చక్రం ఇరుసు విప్పి, లోపలి గుండ్లను కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించడం మనందరం చూసినదే. ఈ బేరింగు కూడా అటువంటిదే. లోపల ఒక వలయం, బయట ఒక వలయం, నడుమ దొర్లే ఉక్కు గుండ్లు. అయితే అది మోసే బాధ్యత పెద్దది. ఇంజనులో పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు ఒక చైను ద్వారా ఈ మధ్య ఇరుసును తిప్పుతుంది. ఈ ఇరుసు మరి రెండు చైన్ల ద్వారా ఇరువైపులా వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టులను నడుపుతుంది. పిస్టన్ పైకి వచ్చే క్షణానికి వాల్వు మూసుకుని ఉండాలి. ఆ పొందిక అంతా ఈ ఇరుసు వణకకుండా తిరగడం మీదనే నిలిచి ఉంది.

పోర్షే 911 కారు 1963లో వెలువడిన నాటి నుంచి 1998 వరకు గాలితో చల్లబడే ఇంజనుతోనే నడిచింది. ఆ ఇంజన్లలోనూ మధ్య ఇరుసు ఉండేది. కానీ అది గుండ్ల మీద గాక, ఒత్తిడితో నిరంతరం ప్రవహించే నూనె పొర మీద తిరిగేది. 1990ల తొలి సంవత్సరాల్లో పోర్షే సంస్థ ఆర్థికంగా తీవ్రమైన ఇబ్బందిలో పడింది. ఖర్చు తగ్గించుకునేందుకు జపాను నిపుణులను పిలిపించుకుని తయారీ పద్ధతులనే మార్చుకుంది. ఆ దశలో రూపొందినదే నీటితో చల్లబడే ఎం96 అనే కొత్త ఇంజను. 1996లో బాక్‌స్టర్‌లోనూ, మరుసటి సంవత్సరం 996 అనే సంకేతనామం గల కొత్త 911లోనూ దానిని అమర్చారు. ఆ రెండు కార్లే సంస్థను నిలబెట్టాయనడంలో అతిశయోక్తి లేదు. ఈ ఇంజనులో మధ్య ఇరుసును గేర్‌బాక్సు వైపు గ్రీజు నింపి మూసివేసిన గుండ్ల బేరింగు మీద నిలిపారు.

మూసివేసిన బేరింగు ఒక విద్యుత్ మోటారులో చక్కగా పనిచేస్తుంది. వేడి నూనె చిమ్మే ఇంజను గర్భంలో మాత్రం దాని కథ వేరు. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి. సన్నని సందు ఏర్పడి, నూనె లోపలికి దిగి, గ్రీజును కరిగించి కడిగివేస్తుంది. అలా చేరిన నూనెకు బయటికి వచ్చే దారి సరిగా ఉండదు. అది అక్కడే నిలిచి, మాసి, జారుడు గుణాన్ని కోల్పోతుంది. గుండ్ల మీద గుంటలు పడతాయి. సన్నని లోహపు రేకులు రాలుతాయి. చివరికి ఇరుసు ఊగుతుంది, చైను పళ్ళు దాటుతుంది, తెరిచి ఉన్న వాల్వును పిస్టన్ వచ్చి ఢీకొంటుంది. ఈ చివరి ఘట్టానికి కొన్ని క్షణాలు చాలు. ఆ తరువాత మిగిలేది మరమ్మతుకు పనికివచ్చే ఇంజను కాదు.

ఈ లోపం అన్ని సంవత్సరాల కార్లలోనూ ఒక్క తీరున లేదు. తొలి కార్లలో, అంటే సుమారు 2000 వరకు, రెండు వరుసల గుండ్లున్న బేరింగు ఉండేది. అది చాలా గట్టిది. ఆ తరువాత 2005 వరకు వచ్చిన కార్లలో ఒకే వరుస గుండ్లున్న చిన్న బేరింగు వాడారు. అపకీర్తి అంతా దీనిదే. 2006 నుంచి 2008 వరకు ఒకే వరుసది అయినా పరిమాణంలో పెద్దది, బలమైనది అమర్చారు. 2009 నమూనాతో వచ్చిన సరికొత్త ఇంజనులో మధ్య ఇరుసునే తీసివేశారు. మార్పు జరిగిన 2000, 2005 ప్రాంతాల కార్లలో ఏ బేరింగు ఉందో కాగితం చూసి చెప్పడం నమ్మదగినది కాదు. విప్పి చూస్తేనే తేలుతుంది.

అమెరికాలో ఈ విషయం న్యాయస్థానానికి చేరింది. 2001 మే 4 నుంచి 2005 ఫిబ్రవరి 21 వరకు తయారైన బాక్‌స్టర్, 911 కార్ల యజమానుల తరఫున కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానంలో వేసిన సామూహిక దావా 2013లో రాజీతో ముగిసింది. ఆ దావా సందర్భంగా బయటికి వచ్చినవిగా నేటికీ అందరూ ఉటంకించే అంకెలు రెండు. రెండు వరుసల బేరింగు వందలో ఒకటికన్నా తక్కువగా విఫలమైంది. ఒకే వరుసది వందలో సుమారు ఎనిమిది.

ఈ ఎనిమిది అనే అంకె విన్నవారు రెండు తీరులుగా చలిస్తారు. ఒకరు "అమ్మో, ఎనిమిదా!" అని వెనుదిరుగుతారు. మరొకరు "తొంభై రెండు బాగానే ఉన్నాయి కదా" అని సంతకం చేస్తారు. ఇద్దరూ తొందరపడుతున్నట్లే. ఎందుకంటే ఈ అంకె వేల కార్ల సమూహాన్ని గురించి చెప్పినది. మన ఎదుట నిలిచిన ఒక్క కారును గురించి కాదు. బలహీనంగా పుట్టిన బేరింగులు చాలావరకు తొలి సంవత్సరాల్లోనే రాలిపోయాయి. నేటికి లక్ష మైళ్ళు తిరిగి నిలిచినది జల్లెడలో మిగిలిన గింజ వంటిది. కానీ రబ్బరు సీలుకు మైళ్ళతో నిమిత్తం లేదు, వయసుతోనే దానికి పని. ఇక లోకంలో వినిపించే మాటల సంగతి చూస్తే, ఇంజను పగిలిన యజమాని పదిమందికి చెప్పుకుంటాడు. బాగా నడుస్తున్న కారు గలవాడు నోరు మెదపకుండా నడుపుకుంటాడు. కాబట్టి విన్నదాన్ని బట్టి ప్రమాదాన్ని లెక్కగట్టరాదు.

ఇప్పుడు సొమ్ము లెక్కకు వద్దాం. ఉదాహరణకు ఒక యువకుడు 2003 నాటి బాక్‌స్టర్‌ను 14,000 డాలర్లకు కొన్నాడనుకుందాం. ఇంజను పోతే మరొకటి వేయించడానికి 20,000 డాలర్ల దాకా అవుతుందనుకుందాం. అయితే 14,000 కారుకు 20,000 ఇంజను వేయించేవారు అరుదు. వారు ఆ కారును విడిభాగాలకు నాలుగైదు వేలకు అమ్మివేస్తారు. అంటే అసలు నష్టం 20,000 కాదు, సుమారు 10,000. అందులో ఎనిమిది శాతం 800 డాలర్లు. ఇక నివారణ ఖర్చు చూద్దాం. బేరింగును చేరాలంటే గేర్‌బాక్సు, క్లచ్చి, ఫ్లైవీలు దింపాలి. క్లచ్చి మార్చవలసిన సమయం ఎలాగూ వచ్చినప్పుడు అదే పనిలో బేరింగునూ మార్పిస్తే అదనంగా వెయ్యి డాలర్ల పైచిలుకు. దాని కోసమే ప్రత్యేకంగా విప్పితే మూడు వేల డాలర్ల ప్రాంతం.

కేవలం సగటు లెక్కను నమ్మేవాడు ఇక్కడ ఆగి, "800 ప్రమాదం తప్పించుకునేందుకు వెయ్యి ఎందుకు పెట్టాలి?" అంటాడు. వెయ్యి కార్లు గల అద్దె సంస్థ యజమాని ఆ మాట అంటే సబబే. ఒక కారు పోయినా మిగతావి దాని భారం మోస్తాయి. ఒకే కారు గల ఇంట్లో 800 డాలర్ల నష్టం అనేది ఎన్నడూ జరగదు. జరిగితే పదివేలు పోతాయి, జరగకపోతే ఏమీ పోదు. సగటు అనేది ఆ ఇంటి అనుభవంలోకి రాని అంకె. పదివేల డాలర్లు పోయినా పిల్లల ఫీజుకు, ఊళ్ళోని అమ్మానాన్నల మందులకు లోటు రాని ఇంట్లో ఆ ప్రమాదాన్ని అలాగే భరించవచ్చు. ఆ పదివేలే రెండేళ్ళ పొదుపు అయిన ఇంట్లో వెయ్యి డాలర్ల నివారణ చాలా చౌక బేరం. పైగా బేరింగు మార్చిన రసీదు ఉన్న కారుకు తిరిగి అమ్మేటప్పుడు గిరాకీ ఎక్కువ కనుక, పెట్టిన వెయ్యిలో కొంత వెనక్కి వస్తుంది. సగటు లెక్క వేసేవారు ఈ సంగతిని తరచు మరచిపోతారు.

నా దృష్టిలో ఇటువంటి కారు కొన్న మరునాడు చేతిలో దాని ధరలో మూడో వంతైనా నగదు మిగలని వారు దాని జోలికి పోకపోవడం మేలు. అప్పు చేసి కొనేవారి పరిస్థితి మరీ కష్టం. వడ్డీ మాట అటుంచినా, ఇంజను పగిలి కారు గ్యారేజీ మూలన పడిన తరువాత కూడా వాయిదాలు నెలనెలా కట్టవలసిందే. నడవని కారుకు మూడేళ్ళు వాయిదాలు కట్టడం ఏ గృహిణి లెక్కల పుస్తకంలోనూ ఇమడదు.

కొనక ముందే తెలుసుకోగలిగినది చాలా ఉంది. దానికయ్యే ఖర్చు కొద్దిపాటిది. పోర్షే కార్ల పని మాత్రమే చేసే స్వతంత్ర మెకానిక్ చేత పరీక్ష చేయించడానికి కొన్ని వందల డాలర్లు అవుతాయి. అమ్మేవాని స్నేహితుడైన మెకానిక్ కాదు, మనం ఎంచుకున్న మెకానిక్. అతనిని మొదట అడగవలసినది నూనె వడపోత, అంటే ఆయిల్ ఫిల్టరు విప్పి చూడమని. దాని కాగితం మడతలను కోసి పరిస్తే లోపల ఏముందో కంటికే కనిపిస్తుంది. అయస్కాంతానికి అంటుకునే మెరిసే రేణువులుంటే బేరింగు అరుగుతున్నదనే అనుమానం బలపడుతుంది. అప్పుడు ఎంత ముద్దొచ్చిన కారైనా వదిలి రావలసిందే. తరువాత గేర్‌బాక్సు ఇంజనుతో కలిసే చోట నూనె తడి ఉందేమో చూడాలి. అక్కడి తడి చాలాసార్లు క్రాంక్ షాఫ్టు వెనుక సీలు నుంచి వస్తుంది, అది పెద్ద భయం కాదు. కొన్నిసార్లు బేరింగు మూత నుంచి వస్తుంది. ఇక కంప్యూటరు తగిలిస్తే క్యామ్ షాఫ్టులు ఉండవలసిన కోణం నుంచి ఎంత తప్పాయో తెలుస్తుంది. చైన్ల స్థితికి అది ఒక సూచన. పాత యజమాని ఇంజనును మితిమీరిన వేగంతో ఎన్నిసార్లు తిప్పాడో కూడా అదే చెబుతుంది. మనిషి దాచినా యంత్రం దాచదు.

ఆటోమేటిక్ గేర్లున్న కార్ల విషయంలో ఒక చిక్కు ఉంది. వాటిలో అరిగే క్లచ్చి ఉండదు కనుక గేర్‌బాక్సు దింపే సందర్భమే రాదు. అందుచేత వాటిలో పుట్టినప్పటి బేరింగే కొనసాగుతూ ఉండటం ఎక్కువ. 2006-2008 నాటి కార్లలోని పెద్ద బేరింగుది మరొక చిక్కు. అది ఇంజను పెట్టె రంధ్రం కన్నా పెద్దది. ఇంజనును రెండుగా విడదీయకుండా బయటికి రాదు. చాలామంది నిపుణులు క్లచ్చి మార్చేటప్పుడు దాని బయటి సీలును మాత్రం తీసివేస్తారు. అప్పుడు ఇంజను నూనె లోపలికి పోయి వస్తూ గుండ్లను తడుపుతుంది. మూయడం వల్ల వచ్చిన జబ్బుకు తెరవడమే మందయింది.

బేరింగు పేరు ఇంతగా మోగడం వల్ల దానికన్నా ఖరీదైన మరొక జబ్బు మరుగున పడింది. ఈ ఇంజన్ల సిలిండర్ గోడలు సిలికాన్ కలిసిన అల్యూమినియంతో చేసినవి. కొన్నింటిలో పిస్టన్ మీది పూత అరిగి, పిస్టన్ గోడను గీరుతుంది. 911లోని పెద్ద ఇంజన్లలో, ముఖ్యంగా 2005-2008 నాటి 3.8 లీటర్ల కరెరా ఎస్‌లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న బాక్‌స్టర్ ఇంజన్లలో అరుదు. వేడెక్కిన ఇంజనులో టకటకమనే శబ్దం, నూనె తొందరగా తరిగిపోవడం, ఒకవైపు పొగ గొట్టం మాత్రమే మసిబారడం దీని లక్షణాలు. దీనికి వెయ్యి డాలర్లతో మార్చివేసే భాగమేదీ లేదు. ఇంజను మొత్తం విప్పి సిలిండర్లను కొత్తగా తయారు చేయించాలి. ఆ ఖర్చు కారు ధరను అందుకోగలదు. కాబట్టి ఆ కార్లు కొనేవారు బేరింగును గురించి ఒకసారి అడిగితే, సిలిండర్లలోకి సన్నని కెమెరా పంపి చూపించమని రెండుసార్లు అడగాలి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే జవాబు.

"ఈ గొడవంతా ఎందుకు, టర్బోనే కొంటాను" అనేవారూ ఉన్నారు. నిజమే, అదే కాలపు 911 టర్బో, జీటీ3 కార్లలో హాన్స్ మెజ్‌గర్ రూపొందించిన పాత వంశపు ఇంజను ఉంది. పందేల్లో రాటుదేలిన ఆ ఇంజనుకు ఈ బేరింగు బెడద లేదు. దానికి వేరే బెడద ఉంది. చల్లబరిచే నీటి గొట్టాల కీళ్ళను జిగురుతో అతికించారు. అవి ఊడితే నీరంతా ఒక్కసారిగా రోడ్డు పాలవుతుంది. ధర చూస్తే మామూలు కారుకు ఎన్నో రెట్లు.

జబ్బు స్వభావం కూడా చూడాలి. మాజ్దా ఆర్ఎక్స్-8 అనే స్పోర్ట్స్ కారులో పిస్టన్లే లేవు. త్రికోణాకారపు రోటరు తిరుగుతుంది. దాని అంచుల సీళ్ళు క్రమంగా అరుగుతాయి. అమెరికాలో మాజ్దా సంస్థ ఆ ఇంజనుకు హామీని 8 సంవత్సరాలకు, 1,00,000 మైళ్ళకు పొడిగించవలసి వచ్చింది. ఆ ఇంజను తరచు చెడేదే అయినా, దాని జబ్బు ముందుగా చెప్పి వస్తుంది. కంప్రెషన్ పరీక్షలో ఎంత ఆయుష్షు మిగిలిందో ఇంచుమించు తెలుస్తుంది, సొమ్ము కూడబెట్టుకునే వ్యవధి దొరుకుతుంది. పోర్షే బేరింగు తక్కువసార్లు పోతుంది, కానీ పోయేటప్పుడు వ్యవధి ఇవ్వదు. పరిమితమైన ఆదాయంతో నడిచే ఇంటికి ఈ రెండింటిలో రెండవదే ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం.

కొన్న తరువాత చేయవలసినది ఎక్కువ లేదు గాని, మన అలవాట్లకు కొంత విరుద్ధం. విలువైన వస్తువును ముసుగు వేసి దాచడం మనకు పరిపాటి. ఈ కారును దాచితే చెడుతుంది. నిలిచిన నూనెలో తేమ, ఆమ్లం పేరుకుంటాయి. వారానికి ఒకసారైనా ఇంజను పూర్తిగా వేడెక్కేంత దూరం నడపాలి. ఐదు నిమిషాల్లో దుకాణానికి వెళ్ళి రావడం లెక్కలోకి రాదు. చల్లని ఇంజనును మొదటి పది నిమిషాలు నెమ్మదిగా నడపాలి. నూనెను 5,000 మైళ్ళకు, మైళ్ళు తిరగకపోతే ఆరు నెలలకు మార్చాలని ఈ ఇంజన్ల మీద చేయి తిరిగినవారు చెబుతారు. సంస్థ పుస్తకంలో రాసిన గడువు దీనికి ఎంతో ఎక్కువ. దాన్ని పట్టించుకోనక్కరలేదు. నూనె మార్చిన ప్రతిసారీ ఫిల్టరు కోసి చూడాలి. గల్ఫ్‌లో ఉన్నవారు మరొకటి గమనించాలి. ఈ కార్ల రేడియేటర్లు ముందు బంపరు లోపల రెండు పక్కలా ఉంటాయి. అక్కడ చేరిన ఇసుక, ఆకులు, చెత్త తీయించకపోతే ఆ ఎండల్లో ఇంజను వేడెక్కుతుంది.

ఏదో ఒకనాడు ఈ కారును అమ్మవలసి వస్తుంది. అమెరికాలో పాత కారును "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసి అమ్మితే చట్టం చాలావరకు అమ్మినవాని పక్షానే ఉంటుంది. షరీఅత్ వ్యాపార నియమం అంతటితో వదలదు. తెలిసిన లోపాన్ని దాచి అమ్మడం అందులో నిషిద్ధం. లోపం తరువాత బయటపడితే వస్తువును తిరిగి ఇచ్చే హక్కు కొన్నవానికి ఉంటుంది. దానినే ఖియారుల్ ఐబ్ అంటారు. ఫిల్టరులో రేణువులు కనిపించాక "ఇక అమ్మేద్దాం" అనుకునేవారు ఆ ఫిల్టరును కొనేవాని ముందు పెట్టాలి. ధర తగ్గుతుంది. తగ్గవలసినదే.

దీనికి అవసరమైన సామగ్రి ఒక ఫైలు. అందులో నూనె మార్చిన తేదీలు, అప్పటికి తిరిగిన మైళ్ళు, కోసిన ఫిల్టరు ఫొటోలు, బేరింగు మార్చి ఉంటే ఏ రకానిది ఎన్ని మైళ్ళ వద్ద వేశారో తెలిపే రసీదు, కెమెరాతో తీసిన సిలిండర్ల చిత్రాలు ఉండాలి. కొన్న రోజునే దానిని మొదలుపెట్టాలి. అమ్మేవాడు అటువంటి ఫైలు ఇస్తే, మరొక చోట వెయ్యి డాలర్లు తక్కువకు దొరికే కారు కన్నా ఆ కారునే తీసుకోవచ్చు.